ఎవరి సైకిలు వారి భుజాన

కొండెక్కే రోడ్డు మొదలవడానికి కాస్త ముందు, ఎడమ చేతి వైపు ఒక మట్టిదారి కిందికి దిగుతుంది. రోజూ ఆ రోడ్డు మీద పోయేవాళ్ళలో దాన్ని దారిగా గుర్తించిన మనిషి లేడు. మేకలు గుర్తించాయి. ఆదివారం పొద్దున్నే అతను అక్కడ సైకిలు దిగి, ముందు చక్రాన్ని ఆ మట్టిలోకి తోసి, వెనకే వస్తున్న బావ కోసం ఆగాడు.

"ఇక్కణ్ణుంచి వెళ్తే కొండ మనకి కనపడుతుంది గాని తగలదు" అన్నాడు.

"తగలకపోతే చాలు. చూడ్డానికి నాకేం కోపం లేదు" అన్నాడు బావ.

అతను కళ్ళజోళ్ళ దుకాణంలో వెనక గదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీస్తాడు. తనకి కళ్ళజోడు లేదు. సైకిలు క్లబ్బువాళ్ళకి ఆ వివరం అక్కర్లేదు గనక అతన్ని కళ్ళద్దాలు అనే పిలుస్తారు. బావ లైన్‌మన్. స్తంభం మీంచి పడి ఎడమ భుజంలో ఇనప పలకలు వేయించుకున్నాక ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు గాని, అందరూ ఇంకా లైన్‌మన్ అనే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా బావ కొంచెం నిటారుగా కూర్చుంటాడు.

ఏడాదికోసారి క్లబ్బు వాళ్ళంతా శనివారం సాయంత్రం బయల్దేరి రాత్రంతా తొక్కి, తెల్లారేసరికి సముద్రం ఒడ్డుకి చేరతారు. మొదలుపెట్టింది బావే. కిందటేడు ఆస్పత్రి మంచం మీంచి ఫోన్‌లో వాళ్ళ ఫోటోలు చూశాడు. ఈ ఏడు డాక్టరు సైకిలు తొక్కుకోమన్నాడు. ఎత్తు మాత్రం ఎక్కొద్దన్నాడు. ఎత్తులో లేచి నిలబడి హ్యాండిల్ని రెండు చేతులా లాగాలి. బావ ఎడమ చెయ్యి ఛాతీ దాకా వస్తుంది. ఆ పైకి పోవాలంటే కుడి చెయ్యి వచ్చి ఎత్తి పెట్టాలి. సముద్రానికి దారి చదునే, మధ్యలో ఈ ఒక్క కొండ అడ్డం. బావ ఈసారి వెళ్ళలేకపోతే మళ్ళీ ఎప్పటికీ వెళ్ళడని అతనికి తెలుసు. బావకీ తెలుసు. అందుకే ఇద్దరూ ఆ మాట ఎత్తకుండా నెల రోజులుగా టైర్ల గురించే మాట్లాడుకుంటున్నారు.

మట్టిదారి కాలవ గట్టు మీదుగా కొంత దూరం పోయి, సన్నటి పొడుగాటి చెట్లు వరసలుగా వేసిన తోటలో దూరింది. ఎండుటాకులు చక్రాల కింద అప్పడాల్లా విరిగాయి. తోట చివర వాగు. నీళ్ళు లేవు గాని నిండా గుండ్రాళ్ళు. దారి దాంట్లోకి దిగకుండా ఒడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి, పక్కపక్కన వేసిన రెండు రాతి పలకల దగ్గరికి తీసుకెళ్ళింది. ఎవరో ఎప్పుడో బండ్ల కోసం వేసుకున్నారు. అతను ముందు నడిచి చూశాడు. ఒక పలక కొంచెం ఊగింది. వాగులోకి దిగి, వేలితో సందు తడిమి, సరిపోయే రాతి చెక్క ఒకటి వెతికి కింద దోపాడు. తీసి, తిప్పి, మళ్ళీ దోపాడు. పైకొచ్చి గంతేస్తే ఊగలేదు.

"కళ్ళజోడుకి అద్దం బిగించినట్టు బిగించావు గదరా" అన్నాడు బావ.

"బిల్లు తర్వాత పంపిస్తాలే. ఎక్కు."

బావ ఎక్కాడు. పలక మీద చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి. అవతల దారి మళ్ళీ తారురోడ్డులో కలిసేసరికి కొండ వాళ్ళ వీపు వెనక ఉంది. బావ సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద ఆనించి, కొండకేసి చాలాసేపు చూశాడు. మొహంలో పిల్లాడి నవ్వు.

"ఒరేయ్, ఒక్క మాట" అన్నాడు బావ. "ఇది నా కోసం వెతికిన దారని ఒక్కడికీ తెలియకూడదు. లైన్‌మన్ కోసం క్లబ్బంతా చుట్టు తిరిగి వెళ్ళిందనే మాట నాకొద్దు."

"నీ పేరెందుకు ఎత్తుతాను? కొత్త దారి దొరికిందంటాను, అంతే."

"మీ అక్క మీద ఒట్టెయ్."

"మా అక్క నీకేం చేసింది పాపం" అన్నాడు గాని, ఒట్టేశాడు.

*

అక్క ముందుగదిలో పసిపిల్లల్ని చూసుకుంటుంది. ఉద్యోగాలకెళ్ళే తల్లులు పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్తారు. ఆదివారం గది ఖాళీగా ఉంటుంది గాని పాల వాసన ఖాళీ అవదు. ఇద్దరూ వెళ్ళేసరికి అక్క చాపలు దులిపి మడతపెడుతోంది. గుమ్మంలో సైకిళ్ళు ఆనించగానే వచ్చి, అడక్కుండానే బావ వెనక టైరు బొటనవేలితో నొక్కి చూసింది.

"గాలి తక్కువుంది. మట్టిదారికి ఇలాగే ఉండాలి గాని, రోడ్డెక్కాక కొట్టుకోండి" అంది.

మట్టిదారి సంగతి ఆవిడకెవరూ చెప్పలేదు. టైరు సందుల్లో ఇరుక్కున్న ఎండుటాకు తుంపు చూసింది. బావ దొంగ నవ్వు నవ్వాడు. అక్క దగ్గర దాచి లాభం లేక అతను మొత్తం చెప్పేశాడు.

"మంచి పని చేశావు. నెల్లాళ్ళుగా ఈయన నిద్రలో పెడల్ తొక్కుతున్నారు, నా కాళ్ళు వాచిపోయాయి" అంది అక్క. ఆ వెంటనే, "అయితే ఈసారి కొండ మీద లైట్లు ఉండవన్నమాట" అంది.

రైడు వెనకాల టీలూ పళ్ళూ మోసే వ్యాన్ ఒకటి వస్తుంది. డ్రైవింగ్ స్కూలు వాళ్ళది. వెనక సీట్లు పీకేసి, సైకిళ్ళు వేలాడేయడానికి కొక్కేలు పెట్టించారు. డ్రైవరు పక్కన ఒకటే సీటు. ఏడెనిమిదేళ్ళుగా ఆ సీటు అక్కది. కిటికీ అద్దం పైకి రాదు, చెవులకి గుడ్డ చుట్టుకుని కూర్చుంటుంది. కొండ కింద వ్యాన్ ఆపించి, వీళ్ళ వెనక లైట్లు ఎర్రచీమల బారులా మలుపులు తిరుగుతూ పైకి ఎక్కడం చూసిగాని కదలనివ్వదట.

"లైట్లు పోతేనేం, సముద్రం దగ్గర పొద్దు పొడవడం చూస్తావుగా" అన్నాడతను.

"అదీ నిజమే" అని అక్క చాప కట్టకి తాడు కట్టింది.

అప్పుడే గేటు దగ్గర వీధి చివరింటి నర్సు నిలబడింది. శనివారం రాత్రి డ్యూటీ పడిందట, బుజ్జిదాన్ని ఉంచుకుంటారా అని అడిగింది. మామూలుగా అక్క కాదనే మనిషి కాదు.

"ఆ ఒక్క రాత్రీ కుదరదమ్మా. ఏడాదిలో ఆ రాత్రి నేను ఎవరికీ ఏమీ కాను" అంది నవ్వుతూ. నర్సు కూడా నవ్వి, ఇంకెవరినైనా చూసుకుంటానని వెళ్ళిపోయింది. అతను ఈ మాటలన్నీ విన్నాడు. విని, పంపు తీసుకుని టైరుకి గాలి కొట్టాడు.

*

క్లబ్బు కెప్టెన్ డ్రైవింగ్ స్కూలు యజమాని. మంచివాడే. ఎవరి చెయిన్ తెగినా తన చేతులు నల్లగా చేసుకుంటాడు. కాకపోతే పాఠం చెప్పీ చెప్పీ, ఎవరేం చెప్పినా పూర్తయ్యేలోగా దిద్దడం అలవాటైపోయింది. మంగళవారం దుకాణం తెరిచే లోపు అతను కెప్టెన్ని దారి చూడ్డానికి తీసుకెళ్ళాడు. ఏం చెప్పాలో ముందే కూడబలుక్కున్నాడు.

"లారీల గోల ఉండదు. దుమ్ము కళ్ళలో పడదు. కొండ మీద బ్రేకులు కాలిపోవడం ఉండదు. కొత్తగా ఉంటుంది."

కొత్తగా అన్న మాట దగ్గర కెప్టెన్ కళ్ళు మెరిశాయి. కాలవ గట్టు బాగుందన్నాడు. తోట బ్రహ్మాండం అన్నాడు. వాగు దగ్గర మాత్రం దారి చుట్టు తిరిగినచోట ఆగిపోయాడు. రాతి పలకల దాకా వెళ్ళి, మీద అటూ ఇటూ నడిచి, అంచున నిలబడి కిందకి చూశాడు.

"పక్కన గోడ లేదు, కమ్మీ లేదు. చీకట్లో అంతమంది ఒకడి వెనక ఒకడు. ఒక్కడు తడబడితే రాళ్ళ మీద పడతాడు. వద్దు కళ్ళద్దాలూ."

"దిగి నడిపించుకుంటూ దాటొచ్చు గదా."

"అలసిపోయినవాడు దిగడు. నేను రోజూ చూస్తాను, బోర్డు పెడితే మాత్రం ఎవడు ఆగుతాడు?" అని కెప్టెన్ వెనక్కి నడిచి, తోట చివర వాగులోకి దిగాడు. రాయి మీంచి రాయి మీదకి అడుగులేస్తూ అవతలికి చేరి అక్కణ్ణుంచి చెయ్యూపాడు. "ఇక్కడే దాటేద్దాం. సైకిలు భుజాన వేసుకుంటే చిటికెలో పని. పడినా మోకాలు గీసుకుంటుంది, అంతే. పైగా సరదా. ఏడాదంతా చెప్పుకుంటారు."

అతని నాలిక చివరిదాకా బావ పేరు వచ్చింది. ఒట్టు అడ్డం పడింది.

"మొయ్యలేనివాళ్ళు ఎవరైనా ఉంటే?" అన్నాడు, గాల్లోకి అడిగినట్టు.

"మొయ్యలేనివాడు మన క్లబ్బులో ఎందుకుంటాడు? రూలు రాసింది మీ బావే" అన్నాడు కెప్టెన్.

అదీ నిజమే. క్లబ్బు చొక్కాల వీపు మీద అచ్చేసి ఉంటుంది: ఎవరి సైకిలు వారి భుజాన. రైలు గేటు పడినప్పుడు సైకిళ్ళు ఎత్తి దాటించే రోజుల్లో బావ పెట్టిన రూలు. కాదనడానికి అతని దగ్గర చెప్పదగ్గ కారణం ఒక్కటీ లేదు. చెప్పకూడని కారణం ఒకటే ఉంది. ఆ రోజు దుకాణంలో ఒక అద్దం అంచు ఎక్కువ అరిగిపోయి ఫ్రేములోంచి జారిపోయింది. కొత్తది మొదలుపెట్టాల్సొచ్చింది.

*

గురువారం సాయంత్రం మీటింగు. డ్రైవింగ్ స్కూలు క్లాసుగదిలో, గోడ నిండా ట్రాఫిక్ గుర్తుల మధ్య. కెప్టెన్ నల్లబల్ల మీద కొండని ఒక సున్నాలాగా గీసి, దాని పక్కనుంచి మట్టిదారి లాగాడు. వాగు దగ్గర మూడు గీతలు గీసి, "ఇక్కడ అందరం దిగుతాం. సైకిలు ఎక్కడికెళ్తుంది?" అని అడిగాడు.

"భుజానికి" అని గదంతా ఒక్క గొంతుతో అరిచింది. చప్పట్లు కొట్టారు. బావ కుడి చేత్తో తొడ మీద చరిచాడు. ఆ చప్పుడు వేరేగా వినపడింది. ఎవరో తిరిగి చూశారు, ఇంకెవరో చూశారు, నెమ్మదిగా గది మొత్తం బావ భుజం వైపు చూసి, చూసినందుకు సిగ్గుపడి, నల్లబల్లకేసి తిరిగింది.

కెప్టెన్ చాక్‌పీసు కింద పెట్టి బావ దగ్గరికొచ్చాడు. ఆ క్షణందాకా కెప్టెన్‌కి ఆ భుజం సంగతి నిజంగానే తట్టలేదు, మొహం చూస్తేనే తెలుస్తోంది. "అన్నా," అని తడుముకున్నాడు. "మీరు వ్యాన్‌లో ముందు సీట్లో రండి. మాకు పెద్ద దిక్కుగా. మట్టిదారి మొదట్లో జెండా ఊపి మమ్మల్ని పంపాల్సింది మీరే."

మళ్ళీ చప్పట్లు. ఈసారివి మరీ గట్టిగా, మరీ ఎక్కువసేపు. అతను కుర్చీలోంచి సగం లేచాడు. బావ అతనికేసి చూసిన చూపుకి మళ్ళీ కూలబడ్డాడు.

"రూలు రూలే" అన్నాడు బావ. "జెండా మంచిది తెండి. కిందటిది వెలిసిపోయింది."

ఇంటికి నడిచి వస్తూ దారంతా అతను నసుగుతూనే ఉన్నాడు. కెప్టెన్‌కి ఇప్పుడైనా చెప్పేస్తానన్నాడు. లేకపోతే బావ ఒక్కడూ పలకల మీంచి దాటొచ్చన్నాడు, అదీ కాదంటే వాగు దగ్గర బావ సైకిలు కూడా తనే మోస్తానన్నాడు.

"రూలు రాసినవాడు ఒక్కడే పలకల మీంచి పోవడమా, వాడి సైకిలు ఇంకొకడు మొయ్యడమా? వద్దురా. నా పరువు మోయడానికే ఇద్దరు కావాల్సొచ్చేలా ఉంది, సైకిలెందుకు మళ్ళీ" అన్నాడు బావ. నవ్వబోయాడు గాని సగంలో వదిలేశాడు.

బావ కోసం వెతికిన దారిలో బావకి తప్ప అందరికీ చోటుంది. ఆ రాత్రి అతనికి కన్ను మూతపడలేదు. చెడ్డవాడు ఒక్కడైనా ఉంటే వాణ్ణి తిట్టుకుని పడుకునేవాడు.

*

శనివారం సాయంత్రం బావని తీసుకెళ్దామని అక్కవాళ్ళింటికి వెళ్ళాడు. బావ సైకిలు గుమ్మం పక్కన గోడకి ఆనించి ఉంది. శుభ్రంగా తుడిచి ఉంది. చెయిన్‌కి కొత్త నూనె. తొక్కని సైకిలుకి అంత నూనె ఎందుకు వేశాడో అడగాలనిపించలేదు. చెప్పులు విప్పబోతూ కిందికి చూస్తే, గడప పక్కన అరచేయంత బూట్లు రెండు ఉన్నాయి. ఒకటి నిలువుగా, ఒకటి బోర్లా.

లోపల అక్క చంకలో నర్సు కూతురు. రెండో చేత్తో పెద్ద స్టీలు టీ ఫ్లాస్కు మూత బిగిస్తోంది. కుళాయి ఉన్న ఫ్లాస్కు అది, నిండితే రెండు చేతులూ పడతాయి. బావ క్లబ్బు చొక్కా వేసుకుని, వీపు మీది అక్షరాలు గోడకి ఆనేలా నిలబడ్డాడు.

"కింద పెట్టకండి, మలుపుల్లో కుళాయిలోంచి కారుతుంది. ఒళ్ళో పెట్టుకోండి" అంటోంది అక్క. "డ్రైవరు వేగంగా పోతాడు. మీరు నెమ్మదిగా అంటే నెమ్మదిగా వెళ్తాడు, ఒకసారి చెప్పాలంతే. కిటికీ అద్దం పైకి రాదు. ఇదిగో, చెవులకి" అని మడతపెట్టిన గుడ్డ బావ జేబులో కుక్కింది.

అప్పుడు అతనికి తెలిసింది. రెండు రోజులుగా కళ్ళ ముందే ఉంది. అంతమంది కూర్చున్న గదిలో ముందు సీటు అనే మాట అందరూ విన్నారు, తనూ విన్నాడు. ఆ సీట్లో ఇదివరకే ఒక మనిషి ఉందని ఒక్కరికీ గుర్తు రాలేదు.

"అక్కా, నువ్వు?"

"నాకెక్కడరా చోటు?" అంది అక్క, వంటింట్లో గరిటె ఎక్కడ పెట్టారని అడిగినంత మామూలుగా. "వెనక కొక్కేలకి వేలాడమంటావా?"

"నేను మానేస్తానన్నాను" అన్నాడు బావ. "రెండు రోజులుగా చెప్తున్నాను."

"మీరిక్కడ కూర్చుని రాత్రంతా గోడ చూస్తుంటే, నేనక్కడ నిలబడి సూర్యుణ్ణి చూడాలా? నా వల్ల కాదు. పాపం ఈ పిల్లకి కూడా ఎవరూ దొరకలేదు." పాప అక్క జడ నోట్లో పెట్టుకుంది. అక్క మెల్లిగా లాగేసింది.

"నేను కెప్టెన్‌తో మాట్లాడతాను. ఇంకో బండి..."

"ఏమని చెప్తావు? మీ బావ పేరెత్తకుండా చెప్పు, చూద్దాం. ఆయన వల్ల నాకు సీటు పోయిందని చెప్తావా?"

అతను జేబులోంచి తీసిన ఫోను మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"ఒరేయ్, బాధపడకు" అంది అక్క. "ఆ రూలుకి మొట్టమొదట ఆగింది ఎవరనుకున్నావు? ఒక ఏడు నా మణికట్టు బెణికింది. గేటు దగ్గర సైకిలు ఎత్తలేకపోయాను. ఈ ఒక్కసారికి వ్యాన్‌లో రమ్మన్నారు. మణికట్టు నెలలో తగ్గింది. ఫ్లాస్కు మాత్రం చేతిలోనే ఉండిపోయింది." పాపని రెండో చంకకి మార్చుకుని అంది, "అప్పుడు నువ్వు క్లబ్బులోనే ఉన్నావు. నా కోసం వేరే దారేదీ వెతికినట్టు లేదు."

నిష్ఠూరంగా అనలేదు. గుర్తొచ్చింది గనక అంది. అందుకే ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బావ గోడ మీంచి వీపు తీశాడు. భార్య దగ్గరికి ఒకడుగు వేసి, ఫ్లాస్కుని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఎడమ చెయ్యి ఛాతీ దాకా వచ్చింది. అంతే కావాలి దానికి.

"పాప నిద్రపోయే వేళయింది, బయల్దేరండి" అంది అక్క.

*

చీకటి పడబోతుండగా మట్టిదారి దగ్గరికి చేరారు. సైకిళ్ళు రోడ్డు పక్కన బారుగా ఆగాయి. గంటలు, నవ్వులు, భుజాల మీద చరుచుకోవడాలు. వ్యాన్ ఆగింది. బావ తలుపు మోచేత్తో తోసుకుని, ఫ్లాస్కు గుండెకి ఆనించుకుని దిగాడు. మెడలో అక్క ఇచ్చిన గుడ్డ.

కెప్టెన్ కొత్త జెండా తెచ్చాడు. కర్రకి కట్టి, విప్పి, బావ ముందు పట్టుకున్నాడు. బావ దాన్ని చూశాడు గాని చెయ్యి చాపలేదు.

"ఫ్లాస్కు కింద పెట్టండన్నా."

"కింద పెడితే కారుతుంది."

"పోనీ డ్రైవరుకివ్వండి. ఒక్క నిమిషం."

"ఆవిడ నాకిచ్చింది" అన్నాడు బావ.

కెప్టెన్‌కి అర్థం కాలేదు. ఆవిడెవరన్నట్టు వ్యాన్‌లోకి చూశాడు. డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీకేసి ఒక్క క్షణం ఎక్కువే చూశాడేమో, కెప్టెన్‌కి అక్క గుర్తొచ్చిందేమోనని అతనికి ఆశ కలిగింది. కాని వెనక ఎవరో బెల్లు కొట్టారు, ఇంకెవరో ఆలస్యమవుతోందని అరిచారు. కెప్టెన్ జెండా తనే ఊపాడు. అందరూ హుర్రే అన్నారు.

"కళ్ళద్దాలూ, ముందు నువ్వే. నీ దారేగా."

అతను బావకేసి చూశాడు. బావ తల ఊపాడు, పొమ్మని. వెళ్ళకపోతే అంతమంది ఆగిపోతారు. వెళ్ళినా ఒరిగేదేం లేదు. సైకిలు మట్టిలోకి దించి తొక్కడం మొదలుపెట్టాడు. వెనక చక్రాలన్నీ ఒక్కొక్కటే రోడ్డు దిగుతున్న చప్పుడు వినపడింది. దారి చక్కగా ఉంది. ఎక్కడా ఒక్క గొయ్యి లేదు, ఎక్కడా ఎత్తు లేదు.

కాలవ గట్టు మీదికి వచ్చాక ఒక్కసారి తల తిప్పాడు. కొండ మసకమసకగా ఉంది. దాని మీద ఒకే ఒక ఎర్ర లైటు మలుపులు తిరుగుతూ ఎక్కుతోంది. చాలా నెమ్మదిగా ఎక్కుతోంది. ఫ్లాస్కు కారకుండా నెమ్మదిగా పొమ్మని బావ డ్రైవరుకి చెప్పినట్టున్నాడు.